కుర్చీతో వచ్చిన గిటారు

1937 నవంబరు 9, మంగళవారం

ఈ దినమున నేనొక సంగీత వాద్యమునకు యజమానినైతిని. ఈ సంగతిని భావితరములకై ఇందు లిఖించుచున్నాను.

(గ్రాంథికం ఇంతటితో సరి. చెయ్యి నొప్పి పుడుతోంది. పైగా భావితరాలు ఈ డైరీ చదివితే నా పరువేం కాను?)

అత్తయ్య నన్ను తాడేపల్లిగూడెం పంపించింది వాలుకుర్చీ కోసం. అక్కడ రైల్వే గార్డు దొర ఒకాయన పింఛను పుచ్చుకుని బెంగుళూరు వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా వేలం వేస్తున్నాడని విన్నదట. బైబిలు స్త్రీగా ఇంటింటికీ వాక్యం చెబుతూ ఏలూరు వీధులన్నీ తిరిగి అరిగిపోయిన కాళ్ళు ఆవిడవి. మా మేనత్త రత్నమాణిక్యం గారు దేవుణ్ణి అడిగినవి రెండే: తనకో వాలుకుర్చీ, బి.ఏ. ప్యాసైన నాకో ఉద్యోగం. రెండింటికీ నన్నే పంపుతూ ఉండడం ఒక్కటే ఆవిడ విశ్వాసంలో లోపం.

వాలుకుర్చీ వంతు వచ్చేసరికి అందులో ఒక గిటారు మెడ వెనక్కి వాల్చి పడుకుని ఉంది. "కుర్చీ, అందులో ఉన్నది, రెండూ కలిపే" అన్నాడు వేలం వేసేవాడు. నేను చెయ్యెత్తాను. ఇంకెవరూ ఎత్తలేదు. ఏలూరు స్టేషన్లో దిగాక, కుర్చీ ఎంత గట్టిదో చూద్దామని ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాను. చూశాను. దాని వెనకకాళ్ళు రెండూ ఇప్పటికీ స్టేషన్లోనే ఉన్నాయి. గిటారు మీద గీత కూడా పడలేదు.

"కుర్చీ తెమ్మంటే ఇదేంట్రా అహరోనూ? సొరకాయకి చెయ్యి మొలిచినట్టుంది!"

"గిటారు అత్తా. దొరల వీణ."

"దీని మీద కూర్చోవచ్చా?"

"కూర్చోకూడదు."

"మరెందుకూ?"

చాలా లోతైన ప్రశ్న. జవాబు తెలిశాక ఇక్కడ రాస్తాను.

నవంబరు 10

ఆరు తీగల్లో రెండు లేవు. ఉన్న నాలుగూ దాయాదుల్లాగా ఒకదాని మాట ఒకటి వినవు. మొదటిసారి మీటగానే ఇత్తడి చెంబులో బఠాణీలు పోసి ఊపినట్టు ఒక శబ్దం బయల్దేరింది. గోడ అవతల నించి యేసుదాసు గారి గొంతు వచ్చింది. ఆయన పింఛను పుచ్చుకున్న పోస్టుమాస్టరు. భోజనం చేశాక మూడు గంటలదాకా నిద్రపోవడం ఆయన మిగిలిన ఉద్యోగం.

"ఏవండీ రత్నమాణిక్యమ్మ గారూ! మీ నూతిలో పిల్లేమన్నా పడిందేమో చూసుకోండమ్మా!"

బైబిల్లో అహరోనుకి దేవుడు మాటకారితనం ఇచ్చాడు, తంబుర మాత్రం అప్పగారు మిర్యాముకి ఇచ్చాడు. నాకు అప్పగారు లేరు. తంబుర ఎటు పోయిందో తెలియదు.

నవంబరు 14, ఆదివారం

ఒక ఉపద్రవం. దానికి కారకుణ్ణి నేనే, కానీ సదుద్దేశంతో.

గుడిలో హార్మోనియం తిత్తుల్ని ఎలకలు తినేశాయి. బాగుచేయించడానికి మద్రాసు పంపారు. ఫిబ్రవరిలో కోతపండుగ. ఆ సాయంత్రం కూడికలో పాడటానికి లిడియా గారు కొత్త కీర్తన ఒకటి రాసుకున్నారు. ఈవిడ సంఘపెద్ద పాపారావు గారి అమ్మాయి, బాలికల బడిలో పంతులమ్మ. గుడి మెట్ల దగ్గర తండ్రితో వాదిస్తుంటే విన్నాను. (పొంచి వినలేదు. నా చెప్పు ఒకటి అక్కడే కనిపించకుండా పోయింది.)

"శ్రుతి లేకుండా కొత్త పాట ఏంటమ్మా? పాతవి నోటికొచ్చినవి పాడితే చాలదూ?"

"ఏడాది పట్టింది నాన్నగారూ రాయడానికి. మళ్ళీ వచ్చే ఏడాది అంటే ఇంకో వంక వస్తుందండి."

"వంక నాది కాదు, ఎలకలది."

ఆ క్షణంలో నా నోరు నన్ను సంప్రదించకుండా తెరుచుకుంది. "నా దగ్గర గిటారుందండీ."

ఇద్దరూ ఇటు తిరిగారు. లిడియా గారు నన్ను మొదటిసారి చూసినట్టు చూశారు. వరసగా మూడేళ్ళనించి మా బల్ల వాళ్ళ బల్లకి ఎదురే.

"వాయించడం వచ్చా అండీ?"

"కాలేజీలో వాయించేవాణ్ణండీ."

కాలేజీలో నేను వాయించినది హాస్టలు గంట. అది మాత్రం వాద్యం కాదా?

పాపారావు గారు హెడ్మాస్టరు చేసి మానుకున్న మనిషి. తీర్పు చెప్పేటప్పుడు ఇప్పటికీ చేతిలో బెత్తం ఉన్నట్టే చూపుడువేలు ఆడిస్తారు. "సరే. ఈ ఒక్కసారికే. అది గిన్నెల మోతలా ఉందో, ఇంక ఈ గుడిలో కొత్త పాట అన్న ఊసు ఎత్తకూడదు. నువ్వూ ఎత్తకూడదమ్మా."

"అలాగేనండి" అని, లిడియా గారు నా వైపు తిరిగి మెల్లిగా, "ఇదొక్కటే అవకాశం అండీ నా పాటకి" అన్నారు.

ఇందులో నాకు స్వార్థం ఏమీ లేదు. కేవలం సంఘసేవ.

నవంబరు 15

రోగ నిర్ణయం: లోపం వాద్యంలో ఉంది. వాయించేవాడిలో లేదు.

నవంబరు 20

కొత్త తీగలు వచ్చాయి. తెచ్చినవాడు చిట్టిబాబు. హాస్టల్లో నా గది పంచుకున్నవాడు. కైకలూరులో వాళ్ళ నాన్నగారు కొల్లేరు చేపల్ని గంపల్లో పెట్టి రైలెక్కిస్తారు. బెజవాడ వెళ్ళి తీగలు కొని, చేపల సంచిలోనే వేసుకుని వచ్చాడు.

"ఒరేయ్, తీగ పాతదైతే గంధర్వుడు మీటినా అంతేరా. ఇవి వేసి చూడు."

వేశాను. వీడన్నది నిజమే. మోత పోయి గంట కొట్టినట్టు ఖంగుమంటోంది. ఇదివరకు నేను తప్పు వాయించినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు వీధి చివరిదాకా స్పష్టంగా తెలుస్తుంది. ఇల్లంతా కొర్రమీను వాసన కూడా.

నవంబరు 28, ఆదివారం

తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి. వేలితో నొక్కాలంటే నూతిలోంచి నీళ్ళు చేదినంత పని. అడుగున తీగల్ని మోసే చిన్న చెక్క ఉంటుంది, వీణవాళ్ళు దాన్ని గుర్రం అంటారు. మన గుర్రం చెక్కది, దానికి తీగలు కోసుకుపోయి గాట్లు పడ్డాయి. ఎముకదైతే నాదం తిన్నగా పెట్టెలోకి దిగుతుందని భౌతికశాస్త్రం లెక్చరరు చెప్పినట్టు గుర్తు. ఆయన చెప్పేటప్పుడు నేను నిద్రలో ఉన్నాను గనక పూచీ లేదు.

ఆదివారం గనక మాంసం కూర. యేసుదాసు గారు భోజనానికి వచ్చారు. గిటారు బాధకి అత్తయ్య చెల్లించే పరిహారం అది. కూరలో ఒకే ఒక్క ఎముక తిన్నగా, దళసరిగా, అన్ని లక్షణాలతో ఉంది. అది ఆయన విస్తట్లో పడింది. ఆయన దాన్ని చీకుతున్నారు. నేను చూస్తున్నాను. ఆయన చీకడం ఆపారు.

"ఏం బాబూ? అలా చూస్తున్నారు?"

"తొందరేం లేదండీ. అయిపోయాక ఆ ఎముక నాకిప్పించండి."

అత్తయ్య గరిట కింద పెట్టేసింది. "ఒరేయ్, ఇంట్లో నీకు తిండి పెట్టట్లేదనుకుంటార్రా!"

"తినడానికి కాదత్తా. సంగీతానికి."

యేసుదాసు గారు ఎముకని కడిగి, రెండు చేతులతో అందించారు. "పోస్టాఫీసులో ఎన్నో పార్సిళ్ళు అందజేశానండి. ఇలాంటిది ఇదే మొదలు."

నవంబరు 30

ఎముకని కోసి సన్నికల్లు మీద అరగదీశాను. ఎక్కువ అరిగిపోయి తీగలు మెడ మీది మెట్లకి తగిలి బుయ్యిమన్నాయి. అడుగున పోస్టుకార్డు ముక్క మడిచి పెట్టాను. ఆహా! నిజంగా ఆహా. నొక్కితే తీగ లొంగుతోంది. మీటితే శబ్దం పెట్టెలోకి వెళ్ళి, కాసేపు కూర్చుని, మర్యాదగా బయటికి వస్తోంది. నాలో ఒక శిల్పి దాగి ఉన్నాడు.

సాయంత్రం అత్తయ్య: "పచ్చడిలో ఇసకేంట్రా?"

నేను మజ్జిగ పోసుకున్నాను.

డిసెంబరు 5, ఆదివారం

పాపారావు గారి అరుగు మీద మొదటి అభ్యాసం. అరుగు మీద వాలుకుర్చీ ఒకటుంది. దానికి కాళ్ళు నాలుగూ ఉన్నాయి. అందులో పాపారావు గారు, వారికి అడ్డంగా పేపరు. పేపరు చివర రెండు కళ్ళు.

నేను శ్రుతి చేసుకునే వచ్చాను. లిడియా గారు మీటి చూసి ఆగిపోయారు.

"దేనికి శ్రుతి చేశారండీ దీన్ని?"

"మిల్లు కూతకండీ. రోజూ ఒకేలా కూస్తుంది కదా అని."

పేపరు వణికింది. దగ్గేమో.

ఆవిడ నవ్వకుండా (మహా కష్టంతో నవ్వకుండా) గొంతు సవరించుకుని ఒక్క స్వరం పట్టుకుని నిలబడ్డారు. ఆ స్వరానికి ఒక్కొక్క తీగా బిగించారు. ఆరోది బిగిసేసరికి గిటారు నాకు తెలియని మనిషిలా పలికింది. దాన్ని వాయించమని నాకు ఇచ్చారు. మళ్ళీ తెలిసిన మనిషే అయిపోయింది.

"తేమ అండీ. కొల్లేరు గాలి. చెక్క ఉబ్బుతుంది."

"గాలి ఏం చేస్తుందండీ పాపం, మీ వేలు మెట్టుకి ఆమడ దూరాన ఉంటే? మెట్టు పక్కనే, ఇదుగో ఇక్కడ, ఆనించి నొక్కండి."

ఆనించి నొక్కాను. పలికింది. వేలి కొన మీద గాడి పడింది. ఆవిడ అడగలేదు గనక చూపించలేదు.

తరవాత పాట పాడి వినిపించారు. "చేను నీది, చెమట నాది, పంట మనది ప్రభువా" అని పల్లవి. ఇంతకంటే ఇక్కడ రాయను. సరిగా వాయించడం వచ్చేదాకా రాసే అర్హత లేదు.

డిసెంబరు 7

సాధన లేదు. కారణం తేమ.

డిసెంబరు 8

సాధన లేదు. తేమ.

డిసెంబరు 10

తే.

డిసెంబరు 12, ఆదివారం

చిట్టిబాబు తీసుకెళ్ళాడు కొల్లేరుకి. గిటారు కూడా వచ్చింది. ప్రకృతి ఒడిలో కళ వికసిస్తుందని నా సిద్ధాంతం. పడవలో వాయించాను. పక్క దోనెలో వల వేస్తున్న నాంచారమ్మ అనే ఆవిడ కాసేపు ఓర్చుకుంది.

"బాబుగారూ, తవరికి దణ్ణం పెడతాను. అది ఆపండి బాబూ. చేపలు కైకలూరు వైపు పోతన్నాయి."

"పోనీవే, అవి మా ఊరికే కదా వెళ్ళేది" అన్నాడు చిట్టిబాబు.

ఒక లాభం: గూడబాతు ఈక ఒకటి నీళ్ళ మీద తేలుతూ దొరికింది. దాని కాడ కోసి దాంతో మీటితే శబ్దం మెత్తబడింది. ఇన్నాళ్ళూ అత్తయ్య విరిగిన దువ్వెన ముక్కతో మీటుతున్నాను, గిటారు అరిచేది. ఇప్పుడు మాట్లాడుతోంది.

ఒక నష్టం: మా పడవ అడుగున ఊట ఉంది. గిటారు అడుగునే పడుకుంది. నేను ఆకాశం చూస్తున్నాను.

డిసెంబరు 14

ఇప్పుడు నిజంగానే తేమ. ఇన్నాళ్ళూ అన్నది... అది కూడా తేమే అనుకో. కానీ ఇది నిజం. పెట్టె పొట్ట ఉబ్బింది. ప్రతి తీగా తడిగుడ్డ చాటునించి మాట్లాడుతోంది. లిడియా గారికి చెప్పలేదు.

డిసెంబరు 18

పొలం కౌలు ధాన్యం వచ్చింది, నాలుగు బస్తాలు. వసారాలో గోడవారన నిలబెట్టారు. కోతపండక్కి ఒక బస్తా దేవుడికి అర్పణ ఇస్తానని అత్తయ్య పాస్టరు అయ్యగారికి మాటిచ్చింది.

ఆవిడ ఉప్పుచేప పొట్లాన్ని ధాన్యంలో కప్పెట్టడం చూశాను. "ఎండిన ధాన్యం చెమ్మ లాగేస్తుందిరా, మెత్తబడకుండా ఉంటుంది" అంది.

మహావిషయాలు ఇలాగే కనిపెట్టబడతాయి.

డిసెంబరు 19

చివరి బస్తా మూతి విప్పి, కొంత ధాన్యం పక్క బస్తాల్లోకి తోడి, తీగలు వదులు చేసి, గిటారుని నిలువుగా దించాను. బొజ్జలోకి కూడా ధాన్యం పోశాను, బయటి బరువుకి నొక్కుకుపోకుండా. మెడమీద దాకా కప్పి మూతి కట్టేశాను. ఆ బస్తాని మిగతా వాటికి కాస్త ఎడంగా జరిపాను, నాకు గుర్తుండాలని. అత్తయ్యకి చెప్పలేదు. తినే ధాన్యంలో నా చేతి సామాను పెట్టానని తెలిస్తే నన్నే కప్పెడుతుంది.

డిసెంబరు 25, క్రిస్మసు

దైవకృప, ధాన్యకృప. పొట్ట తగ్గింది. ఇదివరకటి కంటే బాగా పలుకుతోంది. ఇకమీదట రోజూ రాత్రి బస్తాలో నిద్ర, పగలు నాతో.

గుడిలో లిడియా గారు కొత్త చీర. అంటే, అందరూ కొత్తబట్టలే. సాధారణ వ్యాఖ్య.

1938 జనవరి 4

వేళ్ళు.

జనవరి 5

వేళ్ళు. ఎడమచెయ్యి. అన్నం కుడిచేత్తో తినే ఆచారం పెట్టిన పెద్దలకి నమస్కారం.

జనవరి 11

లిడియా గారితో చెప్పేశాను. మూడు నాలుగు తీగలు కలిపి నొక్కే పట్లలో నాకు వచ్చినవి రెండే, మిగతావి రావు, కాలేజీలో వాయించినది గంట అని. ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ పలక మీద ఏదో రాస్తూ, తలెత్తకుండానే, "గంట సంగతి నాకు తెలుసండీ" అన్నారు. "మా అన్నయ్య మీ హాస్టల్లోనే కదా. భోజనం గంట పది నిమిషాలు ముందు కొట్టేవారట."

"మరి తెలిసీ ఒప్పుకున్నారేమండీ?"

"నాన్నగారి ఎదురుగా ఒక్కరైనా సరేనన్నారు కదా అని." తరవాత పలక పక్కన పెట్టి, "రెండు పట్లు చాలండీ నా పాటకి. ఇంకోటి నేర్చుకోవద్దు. ఆ రెండూ శుభ్రంగా పడాలి, ఒకదాన్నించి ఇంకోదానికి ఆగకుండా మారాలి. అంతే" అన్నారు.

ఇన్నాళ్ళూ గిటారుకి వైద్యం చేశాను. రోగి ఎవరో ఈరోజు తెలిసింది.

జనవరి 12

పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. రెండు పట్లు. ఇటునించి అటు, అటునించి ఇటు.

జనవరి 13

అదే.

జనవరి 19

అదే. వేళ్ళు కాయలు కాశాయి. నొప్పి లేదు. గిటారు పడాల్సిన నొప్పేదో నేను పడ్డాను. (ఈ వాక్యం బాగుంది. ఎక్కడైనా వాడుకోవాలి.)

జనవరి 27

యేసుదాసు గారు గోడ మీదుగా తల పెట్టారు. ముఖం పీక్కుపోయి ఉంది.

"బాబూ, ఈ మధ్య అది పాటలా వినిపిస్తోందండి."

"సంతోషమండీ!"

"ఏం సంతోషం! అప్పుడు విసుగొచ్చి దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ తప్పుతారో అని వింటూ కూర్చుంటున్నాను. అప్పుడే నయమండి, నాలుగు కునుకులైనా పడేవి."

నా జీవితంలో ఇంత గొప్ప సర్టిఫికెట్టు యూనివర్సిటీ కూడా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 3

రోజూ పాపారావు గారింటికి వెళ్ళడానికి కారణం శ్రుతి. శ్రుతి రోజూ మారుతుంది. ఈ మాట అత్తయ్యతో అంటే, "అవును, నీ శ్రుతి మారి చాలా రోజులైంది" అని కత్తిపీట మీదికి వంగిపోయింది.

ఫిబ్రవరి 12, శనివారం

రేపే. ఉదయం ఆరాధన, తరవాత అర్పణల వేలం, సాయంత్రం కూడికలో పాట. మంచు ఎక్కువగా ఉంది. గిటారుని బస్తాలో పెట్టి, ఈకని కూడా తీగల మధ్య గుచ్చి, మూతి గట్టిగా కట్టాను. పడుకుంటున్నాను. లిడియా గారికి ఏడాది. నాకు మూడు నెలలు. తప్పకూడదు.

ఫిబ్రవరి 13, ఆదివారం. కోతపండుగ

సిరాబుడ్డి నింపుకున్నాను. వరసగా రాస్తాను.

పొద్దున్న లేచేసరికి అత్తయ్య లేదు, ముందే వెళ్ళిపోయింది. పాట సాయంత్రం కదా, మధ్యాహ్నం వచ్చి గిటారు తీసుకుందామని నేనూ గుడికి వెళ్ళాను. వసారా వైపు చూడనే లేదు. గుడి ముందు బల్ల చుట్టూ గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, బస్తాలు. కైకలూరునించి చిట్టిబాబు కూడా వచ్చాడు, ఒక గంప చేపలు కానుక పట్టుకుని. అయ్యగారు అన్నిటి మీదా చెయ్యి చాపి ప్రార్థన చేశారు. నేను గట్టిగా ఆమెన్ అన్నాను.

వేలం వేసేది ఎప్పుడూ పాపారావు గారే. గుమ్మడికాయలు అయ్యాయి. కోళ్ళు అయ్యాయి. "రత్నమాణిక్యమ్మ గారి ధాన్యం బస్తా!" అన్నారు.

యేసుదాసు గారు ముందుకొచ్చారు. ధాన్యం కొనేవాళ్ళందరూ చేసేదే ఆయనా చేశారు: మూతి వదులు చేసి, గింజ చూద్దామని చెయ్యి లోపలికంటా దూర్చారు.

"ట్యాంగ్" అంది బస్తా.

తలలన్నీ బస్తా వైపు తిరిగాయి. ఒక కోడి మాత్రం జవాబు చెప్పింది.

"పలికిందండీ!" అన్నారు యేసుదాసు గారు, చెయ్యి లాక్కోకుండానే. ఆయన ముఖంలో పోలిక పట్టిన వెలుగు. "ఈ గొంతు నేనెరుగుదును!"

అత్తయ్య నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో నా తండ్రీ! నాలుగింట్లో అదే నిండుగా, పొడుగ్గా, విడిగా కనిపించింది! దేవుడికి మంచిదే ఇవ్వాలని దాన్నే బండెక్కించాను!"

నేను ఎలా ముందుకి వచ్చానో తెలియదు. "అది నాదండీ పాపారావు గారూ. పొరపాటున వచ్చిందండీ. సాయంత్రం పాటకి..."

ఆయన చూపుడువేలు లేచింది, దిగింది. ఆయనకీ కష్టంగానే ఉందనుకుంటాను. "ప్రార్థన అయిపోయింది అబ్బాయ్. బల్ల దగ్గరికి వచ్చింది వెనక్కి వెళ్ళడం ఈ గుడిలో లేదు. కిందటేడు మా ఇంటి పాడిగేదె పలుపు తెంపుకుని బల్ల దగ్గరికొస్తే నేనే కొనుక్కుని తోలుకెళ్ళాను. బస్తా, అందులో ఉన్నది, రెండూ కలిపే. పాడుకో."

తాడేపల్లిగూడెంలో విన్న మాటే. అప్పుడు ఎంత తియ్యగా ఉంది!

నేను చెయ్యెత్తాను. యేసుదాసు గారూ ఎత్తారు. నేను మళ్ళీ ఎత్తాను. ఆయనా ఎత్తారు. నా జేబు లోతు నాకు తెలుసు. చిట్టిబాబు వైపు చూశాను. వాడు ఖాళీగంప బోర్లించి చూపించాడు.

"మీరేం చేసుకుంటారండీ గిటారు?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"అటక మీద పెట్టి, కింద పడుకుంటాను బాబూ. మూడు నెలలైంది."

జనం నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చేదే, ఇంకెవరి సంగతైనా అయితే.

"ఒకటోసారి" అన్నారు పాపారావు గారు. "రెండోసారి."

ఆడవాళ్ళ వైపునించి ఒక చెయ్యి లేచింది. వేళ్ళకి పొద్దున్న సండేస్కూల్లో అంటిన సుద్దముక్క పొడి.

"ఎవరమ్మా అది?"

"నేనేనండి నాన్నగారూ."

"మనకి ధాన్యం ఎందుకమ్మా? మన గాదె నిండా ఉంది కదా."

"ధాన్యానికి కాదండి" అన్నారు లిడియా గారు, అందరికీ వినిపించేలా. చెయ్యి దించలేదు.

యేసుదాసు గారి చెయ్యి సగం లేచింది. ఆయన లిడియా గారిని చూశారు. నన్ను చూశారు. మళ్ళీ ఆవిడని చూశారు. ఇన్నేళ్ళు ఊళ్ళో ఎవరి ఉత్తరాలు ఎవరికి వెళ్తున్నాయో చూసిన మనిషి. చెయ్యి దించేసి, "నా నిద్ర రాసిపెట్టి లేదులెండి" అన్నారు.

పాపారావు గారు చూపుడువేలు మడిచారు. తరవాత బల్ల మీద చరిచారు. "మూడోసారి."

బస్తా దగ్గర నేనూ ఆవిడా గిటారుని పైకి లాగాం. తలకిందులు చేసి ఊపాం. ధాన్యం జలజలా రాలింది. కొన్ని గింజలు లోపలే ఉండిపోయాయి, ఎంత ఊపినా రాలేదు.

"ఇప్పుడిది నాదండీ" అన్నారు లిడియా గారు. "నా గిటారు వాయించడానికి మిమ్మల్ని రమ్మంటున్నాను. వస్తారా?"

"వస్తానండీ."

"తేమ?"

"ఎండిపోయిందండీ."

సాయంత్రం. పెట్రొమాక్సు దీపాలు. ఆవిడ స్వరం పట్టారు, ఆ స్వరానికి తీగలు బిగించాను. ఈక తీశాను. మొదటి పట్టు పడింది. రెండోది పడింది. మధ్యలో ఆగలేదు. లోపల మిగిలిన గింజలు చెయ్యి కదిలినప్పుడల్లా చాటలో ధాన్యం చెరిగినట్టు సన్నగా గలగలమంటున్నాయి. ఇన్ని వైద్యాలు చేసి నేను తేలేని శబ్దం అది. పాట ఎవరికి రాశారో, ఎందుకు రాశారో ఆ శబ్దానికి తెలిసినట్టుంది. "చేను నీది, చెమట నాది" అని ఆవిడ ఎత్తుకుంటే రెండోసారికి వెనకబల్లలవాళ్ళు అందుకున్నారు. కోతలు కోసి వచ్చినవాళ్ళు. మూడోసారికి గుడంతా.

మూడో చరణంలో తప్పాను. ఒక్కసారి. యేసుదాసు గారు ముందుకి వంగడం చూశాను. ఆవిడ నా వైపు చూడకుండానే ఆ ఒక్క మాటని కాస్త సాగదీసి నేను అందుకునేదాకా ఆగారు. అందుకున్నాను. ఆయన వెనక్కి వాలారు.

పాపారావు గారి కాలు తాళం వేస్తోంది. అయిపోయాక చూపుడువేలు ఎత్తి, "వచ్చే ఏడు పాట ఇప్పట్నించే మొదలుపెట్టుకో అమ్మా. మళ్ళీ ఏడాదంటావు" అన్నారు. లిడియా గారు తల ఊపి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నాకు కూడా ఏదో పడింది కంట్లో. వడ్లపొట్టు.

ఇంటికొస్తుంటే అత్తయ్య: "కుర్చీతో గిటారు వచ్చింది. గిటారుతో నువ్వు పోయేలా ఉన్నావురా."

ఫిబ్రవరి 14, సోమవారం

సాయంత్రం అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని, నాతో ఒక్కమాట చెప్పకుండా పాపారావు గారింటికి బయల్దేరింది. నేను వెనకాల నడిచాను, శ్రుతి నిమిత్తం.

పాపారావు గారు మర్యాదగా లేచి, తన వాలుకుర్చీ చూపించారు. అత్తయ్య అందులో కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. కళ్ళు మూసుకుంది. లోపల లిడియా గారు తన గిటారు మీద ఒక తీగ బిగిస్తున్నారు.

"ఏదో మాట్లాడాలని వచ్చినట్టున్నారమ్మా" అన్నారు చివరికి పాపారావు గారు.

"ఔనండి." కళ్ళు తెరవలేదు. "మావాడికి మీ అమ్మాయిని అడగడానికి వచ్చానండి. కానీ ఈ కుర్చీలోంచి లేవాలనిపించట్లేదు."

"అబ్బాయికి ఉద్యోగం లేదు కదమ్మా."

"రెండు పట్లు పట్టాడండి. మూడోది పట్టలేడా?"

ఆయన చూపుడువేలు లేచింది. లోపల తీగ ఆగింది.

"జూన్లో బడి తెరిచేసరికి పడితే, అప్పుడు రండి. కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నారు ఆయన. తరవాత లోపలి వైపు తిరిగి, "ఏమ్మా?" అన్నారు.

లోపలినించి మొదటి పట్టు వినిపించింది, వెనకే రెండోది, శుభ్రంగా, గింజల గలగలతో సహా.

ఇంటికొచ్చి మూడు ఉద్యోగాలకి దరఖాస్తులు రాశాను. దస్తూరి చూస్తే నాకే గౌరవం కలుగుతోంది.

ఈరోజు సాధన లేదు. కారణం తేమ కాదు.